పలకలు పరవని షెడ్డులో సుందరమ్మ గారు

పక్కింటివాళ్లు మేడ మీద గది వేస్తున్నారు. ఈ ఉదయం కిటికీలోంచి తడి సిమెంటు వాసన వచ్చింది. చేతిలోని పుస్తకం మూసేశాను. ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు రాయపూర్‌లో ఒక చలికాలం, తలుపులు పెట్టని ఒక కారు షెడ్డు, అందులో గోడకు ఆనుకుని నిలబడి పాఠం చెప్పే సుందరమ్మ గారు గుర్తొస్తారు.

ఆవిడ మా రైల్వే కాలనీలో గార్డు గారి భార్య. పెళ్లికి ముందు పార్వతీపురంలో పంతులమ్మగా చేశారట. నేను కోడలిగా వెళ్లిన కొత్తలో నాకున్న చదువంతా మా ఆయన రైల్వే గ్రంథాలయం నుంచి తెచ్చే పుస్తకాలదే. నక్షత్రాలు, పట్టుపురుగులు, ఇంటి చిట్కాలు, ఏది తెస్తే అది చదివేదాన్ని. చదివింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్ర పట్టేది కాదు. ఒకసారి శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాల గురించి సుందరమ్మ గారికి చెబుతుంటే ఆవిడ చివరిదాకా విని, "బాగుంది. ఇప్పుడు ఈ భిన్నాల లెక్క చెయ్యి" అన్నారు. నాకది రాలేదు. "శనిదాకా వెళ్లొచ్చావు గానీ దారిలో భిన్నాలు తగల్లేదా అమ్మాయ్?" అన్నారు. మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కట్టమని పట్టుబట్టింది ఆవిడే. నాతోపాటు కాలనీ ఆడవాళ్లు మరికొందరు చేరారు.

చదవడానికి చోటే లేదు. రాత్రి డ్యూటీ దిగిన మగవాళ్లు పగలంతా క్వార్టర్లలో నిద్రపోయేవారు. గొంతెత్తి చదివితే తిట్లు. కాలనీ గోడ అవతల ఉండే వకీలు సాబ్ అప్పుడే కారు కోసం షెడ్డు కట్టించారు. అక్కడిది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. కాంక్రీటు పోసి ఒక చలికాలం వదిలేస్తే పగిలేదేదో అప్పుడే పగులుతుంది, ఆ తర్వాత పైన రాతి పలకలు పరిపిద్దామని ఆయన ఆలోచన. అందాకా మధ్యాహ్నాలు మాకిమ్మని సుందరమ్మ గారు వెళ్లి అడిగారు. ఆయన ఒకటే షరతు పెట్టారు. నేల మీద నూనె పడకూడదు. నూనె పీల్చిన చోట పలక కింద సిమెంటు పట్టదు.

గోనెసంచుల మీద కూర్చునేవాళ్లం. గరుకు నేల చలి గోనె దాటి ఎముకల్లోకి దిగేది. అయినా అంత గొంతెత్తి చదవడం నాకు పుట్టాక అదే మొదలు. ఆ షెడ్డు పోతే పరీక్ష లేదని మాకందరికీ తెలుసు.

కార్తీక పౌర్ణమినాడు మా పెరట్లో గాలి విసురుకు దీపం నిలవలేదు. మా అత్తగారు మూడొందల అరవై అయిదు వత్తుల మూకుడు పట్టుకెళ్లి, మూడు గోడల చాటున్న షెడ్డులో వెలిగించి వచ్చారు. కొత్త మూకుడు. నీళ్లలో నానబెట్టకుండానే నూనె పోశారు. మట్టి తాగిన నూనె అడుగునుంచి కారి, మర్నాటికి నేల మీద చాపంత మరక అయింది.

చిట్కాల పుస్తకంలో చదివిన ప్రకారం సున్నం, చాకలిసోడా కలిపి వేడినీళ్లతో రుద్దాను. మరక పలచబడింది. పుస్తకం నిజమే చెప్పిందని నేను సంతోషిస్తుండగా సుందరమ్మ గారు దాని మీద నీళ్లు చిలకరించారు. నీళ్లు ఇంకలేదు. తామరాకు మీదలాగా బొట్లు బొట్లుగా నిలిచాయి.

"గోనె పరిచేద్దాం, ఎవరు చూస్తారు" అంది ఒకావిడ.

"పలకలు వేసేవాడు చూస్తాడు" అని సుందరమ్మ గారు వకీలు సాబ్‌కు కబురు పంపారు.

ఇంట్లో అత్తగారు నన్ను వంటింట్లోకి లాక్కెళ్లారు. "నా పేరు బయటకొచ్చిందా, రేపట్నుంచి నువ్వు గుమ్మం దాటవు. ఆ వకీలు ముందు నన్ను దొంగలా నిలబెడతావేటి?"

వకీలు సాబ్ వచ్చి, వంగి, వేలితో నేల రాసి చూశారు. "ఎవరి పని ఇది, బెహన్‌జీ?"

"బడి నాది. పనీ నాదే."

"మీరు చేయలేదని నాకు తెలుసు. పేరు చెప్పండి."

"పేరు చెబితే నూనె పోతుందా, సాబ్?"

ఆయన మొహం ఎర్రబడింది. ఎవరో తేలేదాకా బడి లేదన్నారు. సుందరమ్మ గారు గోనెలు మడవడం మొదలుపెట్టారు. నేను దగ్గరికి వెళ్లేసరికి తల ఎత్తకుండానే, "నీకు తెలుసని నాకు తెలుసు. నోరు విప్పకు" అన్నారు.

"మరి పరీక్ష?"

"పరీక్ష కోసం ఇంట్లో మనిషిని అప్పజెబుతావా?"

ఇంటికొచ్చేసరికి అత్తగారు చేటలో బియ్యం ఏరుతున్నారు. వకీలు ఏటన్నాడని అడిగారు. చెప్పాను. "మరి ఆవిడేటంది?" అన్నారు. పని నాదేనన్నారని చెప్పాను. అత్తగారి చెయ్యి చేటలోనే ఆగిపోయింది.

మర్నాడు పొద్దున మేస్త్రీ ఆ మేర చెక్కడానికి ఉలి తెచ్చాడు. అత్తగారు తలమీద కొంగు కప్పుకుని గోడ దాటి వెళ్లారు. వెనకే నేను. గోనెలు తీసుకెళ్లడానికి వచ్చిన సుందరమ్మ గారు అక్కడే ఉన్నారు. వకీలు సాబ్ ఎదుట నిలబడి, వచ్చిన రెండు హిందీ ముక్కల్లో, "దియా హమారా. మాస్టరమ్మ నహీ" అన్నారు. దీపం మాది, మాస్టరమ్మది కాదని.

"ఇంట్లో పెట్టుకోవచ్చుగా, మాతాజీ."

"ఇంట్లో గాలి" అన్నారు, తెలుగులోనే.

మేస్త్రీ నవ్వాడు. వకీలు సాబ్ నవ్వలేదు. మరక మేర చెక్కి కొత్త కాంక్రీటు పోయమని అతనికి చెప్పారు. సుందరమ్మ గారి వైపు చూడకుండానే, "ఇది ఆరాలి కదా. హోలీ దాటాకే పలకలు" అని వెళ్లిపోయారు. ఆ కొత్త ముక్క చుట్టూ కూర్చుని చలికాలమంతా చదివాం. పరీక్ష రాశాం. ఆ తర్వాత పలకలు వేశారు, కారు వచ్చింది.

నేనూ పంతులమ్మనయ్యాను. నా తరగతిలో ఏదైనా పగిలినప్పుడు, పోయినప్పుడు, ఎవరని హెడ్‌మాస్టరు అడిగితే, తరగతి నాదని చెప్పి ఊరుకునేదాన్ని. కొన్నిసార్లు సాయంత్రానికి ఎవరో ఒకరు తల వంచుకుని నా బల్ల దగ్గరికి వచ్చేవారు. చాలాసార్లు ఎవరూ రాలేదు. అప్పుడా నింద నా మీదే ఉండిపోయేది. సుందరమ్మ గారి మీద అలా ఎన్ని ఉండిపోయాయో నేనెప్పుడూ అడగలేదు.