పటం వెనక పటం

మొన్న శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇక్కడ దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మా అమ్మాయి వాళ్ళింట్లో, అల్లుడు టీవీ పెట్టుకొని కూర్చుంటే నేను పక్కన కునుకు తీస్తున్నాను. డెబ్బై దాటాక కునుకుకు వేళాపాళా ఉండదని మన ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. మధ్యలో కళ్ళు తెరిస్తే, జుట్టు పూర్తిగా నెరిసిన ఒక పెద్దమనిషి మంచి కోటు వేసుకొని ఏదో పరదేశంలో నిలబడి ఇరాన్ గురించి మాట్లాడుతున్నాడు. ఈ ముఖం ఎక్కడో చూశానే అనుకుంటుండగా, ఈయన తండ్రి ఒకప్పుడు ఇరాన్‌కు రాజట మామా అన్నాడు అల్లుడు. అప్పుడు గుర్తుపట్టాను. ఈయన మీసాలైనా రాని పిల్లవాడుగా, భుజాల మీద జరీ కుచ్చులతో తల్లిదండ్రుల పక్కన నిలబడ్డ ఫోటోకు నేనెన్ని అద్దాలు కోశానో నాకే తెలియదు. ఆ మాటే అంటే మా అమ్మాయి నవ్వింది. "నువ్వు రాజులకాడ గూడ పనిజేసినవా నాన్నా?" అన్నది. రాజుల దగ్గర చేయలేదమ్మా, రాజులకు పటాలు కట్టాను అని చెప్పి మళ్ళీ కళ్ళు మూసుకున్నాను కాని, ఇంక కునుకు పట్టలేదు.

మాది మెట్‌పల్లి పక్కన ఒక పల్లె. చమురు ధర ఒక్కసారిగా ఆకాశానికెక్కి ఈ ఎడారి దేశాలన్నీ ఇల్లు కట్టడం, రోడ్డు వేయడం మొదలుపెట్టిన రోజుల్లో, మా జిల్లా కుర్రకారంతా ఎవరో పిలిచినట్టు ఇటు కదిలింది. నేనూ కదిలాను. మొదట క్యాంపులో పడి ఇనుప చువ్వలు మోసి ఆరు నెలలు తిరగకుండానే నడుం విరగ్గొట్టుకున్నాను. అప్పటికే దోహాలోనే నజ్మా పేటలో పటాలు కట్టే దుకాణంలో వడ్రంగిగా ఉన్న మా మేనమామ యజమానిని బతిమాలి నన్ను అక్కడ చేర్పించాడు. ఆయన కొయ్య కోసేవాడు, నేను అద్దం కోసేవాణ్ణి. మొదటి నెలలో నేను పగలగొట్టినన్ని అద్దాలు ఆ దుకాణంలో అంతకుముందెవరూ పగలగొట్టి ఉండరు. "అద్దం నీ మాట ఇనదు అల్లుడా, నువ్వే దాని మాట ఇనాలె" అనేవాడు మామ. సేఠ్ మాత్రం ఒక్కనాడూ కోప్పడలేదు, పగిలిన ముక్కలను చిన్న పటాలకు దాచిపెట్టమనేవాడు.

సేఠ్ ఇరాన్ వాడు. ఈ సముద్రానికి అవతలి ఒడ్డున ఒక చిన్న రేవు ఆయన ఊరు. అక్కడివాళ్ళు లాంచీల మీద ఇటు వచ్చిపోవడం మనం కోరుట్ల నుంచి జగిత్యాల పోయివచ్చినట్టే ఉండేది. చిన్నప్పుడు బొంబాయిలో కొన్నేళ్ళున్నాడు కాబట్టి ఆయనకు హిందీ వచ్చు, మాకది చాలు. దుకాణం వెనకే ఇల్లు. ఇంట్లో భార్య, ముసలి తల్లి. వాళ్ళకు పిల్లలు లేరు. తనకన్నా చాలా చిన్నవాడైన తమ్ముణ్ణి కొడుకులాగా పెంచాడు, ఆ తమ్ముడు టెహరాన్‌లో రాజుగారి అంగరక్షక దళంలో ఉద్యోగి. సేఠ్ మాట ఎటు మొదలైనా తిరిగి తిరిగి తమ్ముడి దగ్గరికే వచ్చేది.

ఆ రోజుల్లో పొద్దున లేస్తే ఒక కొత్త దుకాణం తెరిచేవారు, తెరిచిన ప్రతి దుకాణంలోనూ ఇక్కడి పాలకుడి పటం గోడమీద ఉండాలి. ఇరాన్ వ్యాపారులైతే పక్కనే తమ రాజు షా పటం కూడా పెట్టుకొనేవారు, కాని ఒక జానెడు కిందికి. ఆ జానెడు మర్యాద ఎవరూ ఎవరికీ చెప్పేవారు కాదు, అందరికీ తెలుసు. మదీనత్ ఖలీఫా పేటలో కొత్త ఇళ్ళలోకి మారిన ఇరాన్ షావుకార్లయితే షా, రాణి, యువరాజు కలిసి ఉన్న నిలువెత్తు ఫోటో తెచ్చి, బంగారు పూత ఫ్రేము కట్టమనేవారు. మా మామ విసుక్కొనేవాడు. ఇంతింత ఫ్రేములకు కొయ్య ఎక్కడ తేవాలె, రాజును గొంచెం చిన్నగ తీయించుకుంటే వీళ్ళ సొమ్మేం బోయింది అనేవాడు.

మా దుకాణంలో గల్లాపెట్టె వెనక ఉన్న షా పటం మాత్రం చాలా పాతది. సేఠ్ తండ్రి కూడా ఆ రేవు ఊళ్ళో ఇదే పని చేసేవాడట, ఆ ఫ్రేము ఆయన చేతిది. ఒకసారి అద్దం తుడవడానికి దింపినప్పుడు సేఠ్ వెనక మేకులు తీసి నాకు చూపించాడు. పటం కట్టేవాళ్ళు పాత బొమ్మను పారేయరు, వెనక అట్టకు బలంగా ఉంటుందని కొత్త బొమ్మ వెనకే ఉంచేస్తారు. అట్లా షా బొమ్మ వెనక ఆయన తండ్రి ఉన్నాడు, నిటారుగా, పెద్ద మీసాలతో. ఆ తండ్రి వెనక ఇంకా పాత వంశపు రాజు, బొద్దుగా, బుగ్గలతో. ఒకే ఫ్రేములో ముగ్గురు రాజులు ఒకరి వీపుకొకరు ఆనుకొని నిలబడి ఉన్నారు.

ఆ మీసాల రాజు కథ సేఠ్ కొయ్యకు రంగు వేస్తూ తాపీగా చెప్పేవాడు. పుట్టుకతో రాజేమీ కాదట, గుర్రపు ఫౌజులో మామూలు సిపాయి. దేశం ఎటుపడితే అటు చీలిపోతుంటే ఫౌజు వెంటబెట్టుకొని రాజధానికి వచ్చి, ముందు మంత్రి అయి, తర్వాత ఆ బొద్దు రాజును సాగనంపి, కిరీటం తన చేతులతో తనే తలకు పెట్టుకున్నాడట. రైలు వేయించాడు, బడులు కట్టించాడు, ఎదురన్నవాణ్ణి బతకనివ్వలేదు. పెద్ద యుద్ధంలో తెల్లదేశాల వాళ్ళు వచ్చి ఆయనను గద్దె దింపి ఓడ ఎక్కిస్తే, ఎక్కడో తెలియని నేలమీద పోయాడు. గద్దె కొడుక్కు వచ్చింది. కొడుకు కాలంలో నూనె డబ్బు వరదలాగా వచ్చిపడింది. పూర్వపు రాజుల శిథిలాల దగ్గర ఎడారిలో గుడారాలు వేసి, లోకంలోని రాజులనందరినీ పిలిచి విందు చేశాడని చెప్పి సేఠ్ తల ఊపేవాడు. తిండి కూడా విమానాల్లో తెప్పించారట. ఇంట్లో ఈగల మోత బయట పల్లకీల మోత అని మా మామ తెలుగులో అంటే, అర్థం కాకపోయినా సేఠ్ నవ్వేవాడు.

ఆయన తల్లికి మాత్రం ఆ వంశం పేరెత్తితే గిట్టదు. ఆ మీసాల రాజు ఆడవాళ్ళెవరూ తల నుంచి పాదాల దాకా కప్పే చాదర్ వేసుకోవద్దని హుకుం చేసినప్పుడు ఆమె కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. వీధిలో పోలీసులు చాదర్ లాగేసి చింపేవారట. ఒకనాడు ఆమెదీ చింపారట, ఇంక ఆమె ఇంట్లోంచి బయటికి రావడమే మానుకుంది. ఊరుమ్మడి స్నానాల ఇంటికి పోవాలన్నా మిద్దెల మీదినుంచి మిద్దెలు దాటుకుంటూ పోయేదట. తన తల్లి చనిపోతే కూడా వీధి దాటి చూడబోలేకపోయింది. అందుకని దుకాణంలోకి వచ్చినప్పుడల్లా ఆ గోడవైపు తిరగకుండా పక్కకు చూసుకుంటూ నడిచేది. కడుపున పుట్టిన చిన్నకొడుకేమో అదే కిరీటానికి కాపలా. ఈ ముడి విప్పడం ఎవరివల్ల అవుతుంది? ఆ ఇంట్లో ఎవరూ విప్పబోయేవారూ కాదు.

ఆ తమ్ముడు ఒకసారి సెలవు మీద వచ్చాడు. గుమ్మం దగ్గర తల వంచి లోపలికి రావలసినంత పొడుగు. మా మామ ఊరి నుంచి తెచ్చుకున్న మామిడికాయ తొక్కు అడిగి మరీ తిని, కళ్ళనీళ్ళు కారుతున్నా ఇంకా వేయమన్నాడు. తల్లిని చిన్నపిల్లలాగా ఎత్తుకొని టాక్సీలో కూర్చోబెట్టి సముద్రం ఒడ్డున తిప్పి తెచ్చాడు. ఆమె అతణ్ణి రాజు సంగతి ఒక్కమాట అడగలేదు. తిండి బాగుంటుందా, చలికి కప్పుకోను ఇస్తారా అని మాత్రం అడిగేదని సేఠ్ చెప్పాడు.

తర్వాత ఒకటి రెండేళ్ళకే ఇరాన్ వీధుల్లో జనం లేచారు. నూనె బావుల దగ్గర పని ఆగిపోయింది. సేఠ్ రేడియో చెవికి ఆనించుకొనే రంపం పట్టేవాడు. ఒకనాడు షా విమానమెక్కి వెళ్ళిపోయాడని చెప్పారు. సెలవు మీద వెళుతున్నానని అన్నాడట, ఎక్కేటప్పుడు ఏడ్చాడట. సేఠ్ రేడియో ఆపి, చాయ్ తెప్పించి, తాగకుండా ముందు పెట్టుకొని కూర్చున్నాడు. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు గాని, ఓడ బండి కావడం కళ్ళముందు చూడటం నాకదే మొదలు.

ఆ వారం నుంచి ఇరాన్ వ్యాపారులు ఒకరి వెనక ఒకరు పటాలు చంకన పెట్టుకొని మా దుకాణానికి వచ్చారు. ఫ్రేము అదే, బొమ్మ మార్చాలి. నల్ల తలపాగా, తెల్ల గడ్డం ఉన్న మతపెద్ద, ఇప్పుడు జనం ఎవరి మాట వింటున్నారో ఆయన ఫోటో వెంట తెచ్చేవారు. కొంతమంది గొంతు తగ్గించి, పాతది తీయొద్దు వెనకాలే ఉండనీ అనేవారు. ఏ గాలి ఎటు వీస్తుందో అని భయం. వాళ్ళు అడగకపోయినా మేము ఉంచేవాళ్ళమే, అది పనిలో భాగం. నేను దినమంతా మేకులు పీకి మేకులు కొట్టాను. అందరి పటాలూ మారాయి, గల్లాపెట్టె వెనకది మారలేదు. తమ్ముడి సంగతి తెలియకుండా ఆ పటం దింపితే తమ్ముణ్ణే దించేసినట్టు ఉంటుందని సేఠ్ బాధ. అతను బట్టలు మార్చుకొని టెహరాన్ నుంచి బయటపడ్డాడనీ, ఊళ్ళు దాటుకుంటూ రేవువైపు వస్తున్నాడనీ ఒక కబురు మాత్రం అందింది.

ఆ రేవు నుంచి లాంచీ నడిపే నాఖుదా ఒకడు సేఠ్‌కు చిన్ననాటి స్నేహితుడు. తమ్ముణ్ణి దాచి తీసుకువస్తానన్నాడు, కాని ముందు ఆ పటం దించమన్నాడు. రేవులో ఇప్పుడు కుర్రవాళ్ళు తుపాకులు పట్టుకొని ఎవరెవరి మనిషో ఆరా తీస్తున్నారట, దోహాలో అన్న దుకాణంలో షా ఇంకా వేలాడుతున్నాడని అక్కడ అప్పుడే చెప్పుకుంటున్నారట. సేఠ్ తలవంచుకొని విన్నాడు గాని లేవలేదు. అప్పుడు మా మామ నన్ను పక్కకు పిలిచాడు. "మా నాయిన గూడ నిజాం పటం దింపనీకి ఎనకాముందు జేసిండు అల్లుడా, గోడమీన మేకు ఒక్కటే, మీద రాజులు మారుతరు. రాజు పోతే ఇంకో రాజస్తడు, తమ్ముడు పోతే ఇంకో తమ్ముడు రాడు. నీ హిందీ మంచిగుంటది, నువ్వు జెప్పు" అన్నాడు. నేను చెప్పాను. సేఠ్ లేచి, తనే స్టూలెక్కి దించాడు. మిగతావాళ్ళకు చేసినట్టే కొత్త బొమ్మ పైన పెట్టి కట్టాడు. లోపల ముగ్గురు రాజులు ఉండటంతో పటం మందమై, పాత మేకులు పట్టక పొడుగు మేకులు వేయవలసివచ్చింది.

లాంచీ వచ్చిన పొద్దున సేఠ్, నేను దోహా రేవుకు పోయాం. సేఠ్ భార్య మరిదికని అన్నం వండి పెట్టింది. నాఖుదా దిగి మా దగ్గరికి రాకుండా తాళ్ళు కట్టుకుంటూ అక్కడే తచ్చాడాడు. ఎంతకూ రాకపోతే సేఠ్‌కు అర్థమైపోయింది. అవతలి రేవుకు ఇంకొక్క పొద్దు నడిస్తే చేరతాడనగా తమ్ముణ్ణి పట్టుకున్నారట. గోడకు నిలబెట్టి కాల్చారట. నేను సేఠ్ చెయ్యి పట్టుకొని టాక్సీ ఎక్కించాను. ఇంటికి వచ్చి తల్లికి ఆయన ఏమని చెప్పాడో నాకు తెలియదు. ఆడవాళ్ళ ఏడుపు మాత్రం కొయ్య తలుపు దాటి వినపడింది, మామ రంపం కింద పెట్టేశాడు.

నలభై దినాలు గడిచాక ముసలమ్మ ఒక ఫోటో చాదర్ కొంగున దాచుకొని దుకాణంలోకి వచ్చి, కొడుకు చేతికివ్వకుండా నా ముందు పెట్టింది. చిన్నకొడుకు ఫోటో, అంగరక్షకుల దుస్తులతో, నెత్తిన టోపీ, టోపీ మీద మెరుస్తూ కిరీటం గుర్తు. సేఠ్ ఆమె మాటను హిందీలో చెప్పాడు. "అమ్మ అంటోంది బేటా, కొడుకు కనపడాలి, కిరీటం కనపడొద్దు." అదేమంత కష్టమైన పని కాదు. ఫోటో చుట్టూ కిటికీలాగా కోసిపెట్టే మందపాటి మౌంటు అట్టను కొంచెం కిందికి కోస్తే టోపీ మీది గుర్తు మరుగున పడుతుంది. అట్లాగే కోసి ఫోటో మీద పెట్టి ఆమెకు చూపించాను.

ఆమె చూసింది. కిరీటం కనపడటం లేదు, దానితోపాటు కనుబొమల పైన ఏమీ లేదు. ఆమె అట్ట మీద, తల తెగినచోట, వేలు పెట్టింది. తర్వాత అట్టను తనే పక్కకు తీసేసి ఏదో అన్నది. సేఠ్ గోడవైపు తిరిగి నిలబడి చెప్పాడు. "అమ్మ అంటోంది, వాళ్ళు చేసింది చాలు. నువ్వేమీ కొయ్యొద్దు. వాణ్ణి మొత్తంగా ఉంచు. కిరీటం ఉంటే ఉండనీ."

నేను ఏమీ కొయ్యలేదు. మామ తన దగ్గరున్న మంచి టేకు ముక్క తీసి, ఆ ఫోటో కొలతకు ఫ్రేము చేశాడు. నడివీధిలో తన చాదర్ చింపించిన వంశపు గుర్తును ఆ తల్లి తన గదిలో, పడుకుంటే ఎదురుగా కనపడేచోట, పెట్టించుకొంది. షా దేశదేశాలు తిరిగి ఎక్కడో పోయాడని రేడియోలో చెప్పిననాడు దుకాణంలో రంపం ఆగలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకు ముసలమ్మ పోయింది, సేఠ్ దుకాణం ఎవరికో ఇచ్చేసి భార్యతో వెళ్ళిపోయాడు. మామ కూడా ఊళ్ళోనే కన్నుమూశాడు. నజ్మాలో ఆ చోట ఇప్పుడేముందో కూడా నేను పోయి చూడలేదు, ఓపిక లేదు.

పటం కట్టడమనే పనే ఇప్పుడు కనపడటం లేదు. పోయినేడు నా భార్య పోయాక, ఆమె ఫోటో ఒకటి పటం కట్టిద్దామని మా అమ్మాయి నన్ను పెద్ద మాల్‌కు తీసుకుపోయింది. గోడ పొడుగునా ఫ్రేములు తయారుగా ఉన్నాయి, మూడో నాలుగో సైజులు, అన్నీ ప్లాస్టిక్. మా ఫోటో ఏ ఒక్కదానిలోనూ పట్టలేదు. దానికేముంది, ఫోటో అంచు కత్తిరిస్తే సరిపోతుంది అంటూ అమ్మేవాడు నా చేతికి కత్తెర ఇచ్చాడు. "గొంచెమే గద నాన్నా, అమ్మ మొకం మొత్తం వస్తది" అన్నది మా అమ్మాయి. నిజమే, ముఖం వస్తుంది. అంచున మాత్రం ఆమె చెయ్యి ఉంది, ఫోటోలోకి రాని నేను కూర్చున్న కుర్చీ వీపు మీద వేసిన చెయ్యి. కత్తెర తిరిగి ఇచ్చేసి వచ్చాను. ఆ ఫోటో ఇంకా కవరులోనే ఉంది.