జానెడు లోతు మట్టి

జూలై మొదటి వారం. ఉదయం ఐదూ నలభైకి రాజమండ్రి స్టేషన్లో దిగాం. సన్నటి వాన. కెప్టెన్, సైంటిస్టు మేడమ్, డ్రైవరు, నేను. మాది పెద్దాపురం. తెలుగు వచ్చిన జవాన్నని నన్ను వేశారు.

ఆర్డరు రెండు ముక్కలు. దున్నని నేలల్లో పదకొండు చోట్ల ఇనప గొట్టం దించి మట్టి తియ్యాలి. ఫలితం బయట చెప్పకూడదు.

ఏడో చోటు ద్రాక్షారామం దగ్గర కొబ్బరి తోట. రిటైరైన టీచరు సత్యవతి గారిది. అరవై ఏళ్లుగా పార పడని మూలని ఆవిడే చూపించారు. మా తెల్ల సూట్లు, గ్లవ్స్ చూసి జనం గట్టు మీద చేరారు.

"ప్రమాదం లేదంటున్నారు. మరి ఆ బట్టలేంటండి?" అన్నారావిడ.

నాకూ తెలియదు. "పద్ధతండి," అన్నాను.

ఆ మట్టిని ముక్కలుగా కోసి, మా వ్యానులోని సీసపు పెట్టెలో పెట్టి, ఒక్కోదాన్ని గంటల తరబడి కొలుస్తారు. మూడో రోజు పదకొండింటికి వ్యానులోంచి కెప్టెన్ గొంతు రేడియోలో పలికింది.

"ఏడో చోట ఇంకో గొట్టం దించండి. జనాన్ని దూరంగా ఉంచండి. ఓవర్."

మిగతా చోట్ల రెండోసారి తియ్యలేదు. ఎందుకని అడిగితే కెప్టెన్ స్క్రీను అటు తిప్పేశాడు. "నీ పని గొట్టం వరకే," అన్నాడు హిందీలో.

సాయంత్రానికి ఊరంతా పాకింది, తోటలో విషం పడిందని. కాయల దింపువాళ్లు రాలేదు. కాయలు కొనే ఆయన ఫోనెత్తలేదు. సత్యవతి గారు గేటు దగ్గర నన్ను ఆపారు.

"ఏముంది బాబూ నా మట్టిలో? మా మనవరాలు ఇక్కడే ఆడుకుంటుంది."

తల దించుకుని వచ్చేశాను.

మర్నాడు మేడమ్‌ని అడిగాను. ఆవిడది విశాఖ.

"ఎప్పుడో, వేరే దేశాల్లో నేల మీద పేల్చిన అణుబాంబుల దుమ్మండి. పైకి లేచి, గాలిలో తిరిగి, వానతో దిగింది. దున్నని నేలలో జానెడు లోపల ఆ పొర ఇంకా ఉంటుంది, లేశమంత. అదెలా దిగిందో తెలిస్తే, రేపు నిజంగా బాంబు పడితే ఏ ఊరు ఖాళీ చేయించాలో తెలుస్తుంది. సూట్లంటారా, మన ఒంటి దుమ్ము మట్టిలో కలవకుండా."

"మరి రెండో గొట్టం?"

ఆవిడ కాస్త ఆగారు. "మొదటిది పగిలింది."

ఆ ఆగడం నాకు నచ్చలేదు.

"టీచరుగారికి చెప్పొచ్చా అండి?"

"నన్ను అడగలేదనుకోండి," అన్నారు.

వెళ్లి గట్టు మీద అందరూ వినేలా చెప్పాను. సత్యవతి గారు అదే తోటలోని బొండం ఒకటి కొట్టి నా ముందుకు చాచారు.

"ముందు మీరు తాగండి బాబూ."

తాగాను, చివరి చుక్క దాకా. జనం సర్దుకున్నారు. వారం తిరక్కుండా దింపువాళ్లు చెట్లెక్కారట. నన్ను మాత్రం మర్నాడే వెనక్కి పంపేశారు. ఆ ఏడు ప్రమోషన్ రాలేదు. రిటైరై ఇంటికొచ్చాక దాని గురించి బాధపడిందీ లేదు.

కానీ బొండం అందుకునే ముందు, ఒక్క క్షణం నా చెయ్యి గాలిలో ఆగింది. జనం చూడలేదు. ఆవిడ చూశారు. చూసి, చెయ్యి చాచి అలాగే నిలబడ్డారు.