గ్లాసు అడుగున నట్టు

పోయిన సోమవారం పొద్దున ఫ్రీజర్‌లో పేరుకున్న మంచు కరిగిస్తున్నాను. స్విచ్ ఆపి, లోపల వేడినీళ్ల గిన్నె పెట్టి, మూత వేసి పక్కనే కూర్చున్నాను. గిద్దలూరు నుంచి వచ్చే ఆటో మా ఇంటి ముందు ఆగింది. ఎవరూ దిగలేదు. డ్రైవరు తల బయటపెట్టి, "అక్కా, ఫ్రిజ్ మామ పోయినాడంట. తెల్లారి టీ తాగి పడుకున్నాడంట, మళ్లా లేవలేదంట" అన్నాడు. ఆటో నిండా జనం. ఎక్కువసేపు ఆగలేదు. నేను కూర్చున్నచోటే ఉండిపోయాను. లోపల గిన్నెలో నీళ్లు చల్లారిపోయి ఉంటాయి. మార్చాలని కూడా తోచలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. గిద్దలూరులో ఒక చిన్న గదిలో ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. మా అమ్మ ఆయనను "అన్నా" అని పిలిచేది కాబట్టి నాకు మామ అయ్యాడు. ఇక్కడి పల్లెల్లో సగం మందికి ఆయన ఫ్రిజ్ మామే. అసలు పేరు అడిగితే నాలాగే చాలామంది తడుముకుంటారు.

నేను రాచర్ల దగ్గర ఒక పల్లెలో పశుసఖిని. గొర్రెలకు, మేకలకు టీకాలు వేస్తాను. చిన్న జబ్బులకు మందు ఇస్తాను, పెద్ద జబ్బయితే డాక్టరు గారికి ఫోన్ చేస్తాను. టీకా మందు చల్లగా ఉండాలి. వేడి తగిలితే పైకి ఏమీ తెలియదు, రంగు మారదు, వాసన రాదు. గొర్రెకు వేసినా పని మాత్రం చేయదు. అందుకే ఒక కూల్‌డ్రింకుల దుకాణం వాళ్లు అమ్మేసిన పాత డీప్ ఫ్రీజర్‌ను ఇంటికి తెచ్చుకున్నాను. పైకి లేపే మూత, నాలుగు కాళ్లు. తెచ్చిన వారానికే పేచీ మొదలైంది. రాత్రి పెట్టిన నీళ్లు పొద్దునకు సగమే గడ్డకట్టేవి.

ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి వచ్చాడు మామ. సంచి గుమ్మం దగ్గరే పెట్టాడు. విప్పలేదు. పీట అడిగి ఫ్రీజర్ ముందు కూర్చొని కళ్లు మూసుకున్నాడు. ఎండకు అలసి కునుకు తీస్తున్నాడేమో అనుకున్నాను. కాసేపటికి, మోటారు చప్పుడు వింటూ కళ్లు తెరవకుండానే, "ఎన్నిరోజుల్నుంచి ఇట్ల?" అన్నాడు.

"తెచ్చినప్పటి నుంచీ ఇంతే మామా."

"దీన్ని ఎవురెవురు తెరుస్తారు?"

"నేనే. పిల్లోళ్లు ఐసు కోసం..."

"దినానికి ఎన్ని తూర్లు?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. జ్వరమొచ్చిన పిల్లను చూడడానికి వచ్చిన డాక్టరులాగే ఓపికగా అడిగాడు. కరెంటు తగ్గుతూ పెరుగుతూ ఉందా, వేడివేడి కూర గిన్నెలు పెడుతున్నారా, మోటారు ఆగి ఆగి నడుస్తోందా, ఆగకుండా నడుస్తోందా. తర్వాత లేచి ఫ్రీజర్‌ను గోడ నుంచి జానెడు ముందుకు జరిపాడు. దాని మీద నేను మడిచి పెట్టిన దుప్పట్లు తీసి నా చేతిలో పెట్టాడు. వెనక జాలీకి పట్టిన దుమ్మును పాత కుంచెతో దులిపాడు.

"ఇది చల్లదనాన్ని తయారు చెయ్యదమ్మే. లోపలుండే వేడిని బయట పారేస్తాది, అంతే. పారేసేదానికి చోటు ఇయ్యకపోతే అది మాత్రం ఏం జేస్తాది?"

ఆ తర్వాత నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపమన్నాడు. దాన్ని మూత కింద పెట్టి, మూత వేసి, మెల్లగా లాగాడు. రాలేదు. కొంచెం జరిపి మళ్లీ లాగాడు. అట్లా చుట్టూ తిరుగుతూ వచ్చాడు. కుడివైపు వెనక మూల దగ్గర మాత్రం కాగితం జారి చేతిలోకి వచ్చేసింది. "ఈడ చల్లగాలి పోతాండాది" అన్నాడు. రబ్బరు బాగానే ఉంది. మా ఇంటి నేలే వాలుగా ఉంది. ఒక కాలు కిందికి దిగి పెట్టె మెలిపడి, ఆ మూల మూత సరిగా కూర్చోవడం లేదు. దొడ్లో మార్కాపురం పలకరాయి ముక్కలు పడివుంటే ఒకటి ఏరుకొచ్చి ఆ కాలి కింద దోపాడు. మళ్లీ కాగితం పెట్టి నన్ను లాగమన్నాడు. చిరిగింది గాని రాలేదు. మర్నాడు పొద్దున గిన్నెలో నీళ్లు రాయిలా ఉన్నాయి. వచ్చిన రోజు ఆయన సంచి విప్పనే లేదు.

ఆ రోజే వెళ్లబోతూ ఒక స్టీలు గ్లాసులో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టించాడు. జేబులోంచి ఒక ఇనుప నట్టు తీసి ఇచ్చాడు. "గడ్డ కట్టినాక దీన్ని ఆ ఐసు మీద పెట్టు. నువ్వు లేనప్పుడు లోపల ఏం జరిగిందో ఇది చెప్తాది" అన్నాడు. ఐసు కరిగితే నట్టు మునుగుతుంది. మళ్లీ గడ్డకట్టినా అడుగునే ఉండిపోతుంది.

ఆ నట్టు నాతో మాట్లాడే రోజు ఒకటి వచ్చింది.

పారుడు రోగం టీకా మందు వచ్చింది. గొర్రెలకు ముక్కు కారి, కడుపు జారి, మందలకు మందలు తుడిచిపెట్టే జబ్బు అది. మందు ఫ్రీజర్‌లో పెట్టి, అమ్మకు ఒంట్లో బాగాలేదంటే అర్ధవీడు పోయాను. రెండు రోజులు తాళం వేసి ఉంది ఇల్లు. తిరిగి వచ్చి మూత తెరిస్తే చల్లటి ఆవిరి మొహానికి కొట్టింది. అంతా గట్టిగానే ఉంది. హమ్మయ్య అనుకుంటూ గ్లాసు పైకి తీశాను. నట్టు పైన లేదు. ఐసులోంచి చూస్తే అడుగున నల్లగా కనిపించింది.

మర్నాడే మా బావ వాళ్ల మందలు నల్లమల వైపు మేతకు కదలాలి. బావ అంటే మా ఆయన అన్న. ఆయనతో పాటు మరో ఐదిళ్ల వాళ్లు నా టీకా కోసమే ఆగి ఉన్నారు. మామకు ఫోన్ చేసి, ఏమీ కాదులే అంటాడేమోనని ఎదురుచూశాను. "వస్తాండా. ఏదీ తాకద్దు" అన్నాడు.

వచ్చి పీట వేసుకున్నాడు. ఫ్రీజర్ చక్కగా నడుస్తోంది. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. మజ్జిగ ఇస్తే తాగాడు, అన్నం పెడితే ఆ పీట మీదే తిన్నాడు. మూడో గంటలో మోటారు ఆగింది. మళ్లీ మొదలవబోయి టక్కుమని ఊరుకుంది. కాసేపటికి మళ్లీ టక్కుమంది. నడవలేదు. ఐదారు సార్లు అట్లా ప్రయత్నించి, ఉన్నట్టుండి అందుకుంది. మామ ముఖం వెలిగింది. "దొరికినాడు దొంగ!" అన్నాడు. మోటారును మొదలుపెట్టించే రిలే అని చిన్న పరికరం ఉంటుందట. అది లోపల కాలి ఉంది. ఒకసారి అందుకుంటుంది, ఒకసారి అందుకోదు. నేను లేనప్పుడు ఎన్ని గంటలు అందుకోలేదో ఎవరికీ తెలియదు. సంచి విప్పి కొత్తది బిగించాడు.

"మందు సంగతి ఏంది మామా?"

"పారేయాల."

"ఇప్పుడు చల్లగానే ఉండాది గదా. నట్టు సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు."

ఆయన చేతులు తుడుచుకుంటూ, "గొర్రెకు తెలుస్తాది" అన్నాడు.

నేను తలెత్తలేదు. ఆయన సంచి మూసి పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. పని కొత్తలో ఒక మందుల దుకాణంలో ఫ్రిజ్ చూసి, పైపైన చేయిపెట్టి, బాగుండాదిలే అన్నాడట. ఆ ఫ్రిజ్‌లోని ఇన్సులిన్ ఆయన సొంత అక్కే తీసుకెళ్లి వాడింది. చక్కెర ఎక్కి ఆమె ఆసుపత్రిలో పడింది. బతికింది గాని ఒక కంటి చూపు పోయింది. "మందు చెడిపోయిందో, ఆమె తిండే కారణమో, దేవునికెరుక. ఆయమ్మ నన్ను ఒక్క మాట అన్లేదు. నాకే, ఆ 'బాగుండాదిలే' యాడ అనాల్సి వచ్చినా గొంతులో అడ్డం పడతాది. బాగుండాది అనేది అంతా చూచినాక ఆఖర్న చెప్పాల్సిన మాటమ్మే."

సాయంత్రం నాతో పాటు దొడ్ల దగ్గరికి ఆయనా వచ్చాడు. నేను జరిగింది చెప్పేసరికి బావ కర్ర నేలకేసి కొట్టాడు. "నీ మీద నమ్మకం పెట్టుకొని నాలుగు దినాలు ఆగితిమి. ఇప్పుడు చెడిపోయింది అంటావా? పోయేటప్పుడు చూసుకోవద్దా?" అందరిముందు అంత మాట పడటం నాకు అదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మామ ముందుకు వచ్చి, "అబ్బీ, చెడిన మందును సూదిలో ఎక్కించి నీ మందకు పొడిచి పంపిచ్చింటే నీకు తెలిసేదా? తెలీదు. అయినా వచ్చి చెప్పింది. తిట్టినావు, సరే. ఇంగ మూడు దినాలు ఆగు" అన్నాడు. బావ చాలాసేపు మందవైపు చూసి, బీడీ తీసి మామకు ఒకటి ఇచ్చాడు. తనొకటి వెలిగించాడు. ఆ రాజీ నాకు అర్థమైంది.

డాక్టరు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. మూడో రోజున కొత్త మందు పంపారు. అందరి గొర్రెలకూ వేశాను, మందలు కదిలాయి. ఆ ఏడు మా వాళ్ల మందల్లోకి పారుడు రోగం రాలేదు. పాత మందు వేసి ఉంటే వచ్చేదేమో, వచ్చేది కాదేమో, నాకు తెలియదు. కానీ అప్పటి నుంచి టీకా అనగానే బావ మొదట అడిగే మాట, "నట్టు చూచినావా?" అనే. దొడ్ల దగ్గర ఆడవాళ్లంతా నవ్వుతారు. ఆయన నవ్వడు.

ఆ తర్వాత మామతో నాకు పనిబడింది తక్కువే. దుమ్ము దులపడం, కాగితం పెట్టి మూత చూసుకోవడం, మంచును కత్తితో గీకకుండా కరిగించడం నాకే వచ్చేశాయి. అన్నీ ఆయనే నేర్పాడు. నేర్పితే పని తగ్గిపోతుందన్న ఆలోచన ఆయనకు ఎప్పుడూ ఉన్నట్టు లేదు. తనకంటే ముందు ఎవరైనా వచ్చి తప్పుగా బిగించి పోయినా, "పాపం, తొందరలో ఉన్యాడేమో" అని సరిచేసేవాడు. టీ సాసరులో పోసుకుని, ఊదకుండా, చల్లారేదాకా చూస్తూ కూర్చునేవాడు. వేడి దానంతటది పోవాలట.

కడసారి మా ఇంటికి వచ్చింది చలికాలంలో. చెయ్యి వణుకుతోందని పని మానేశాడు. రాచర్లలో ఎవరినో చూసి పోతూ దిగానన్నాడు. ఫ్రీజర్ వంక కూడా చూడలేదు. గడప బయట ఎండలో కూర్చున్నాడు. పొద్దున్నే ఈనిన గొర్రె ఒకటి దొడ్డి బయట నిలబడి ఉంది. దాని పిల్ల తల్లిని వదిలి, తూలుకుంటూ వచ్చి, ఆయన చూపుడువేలు నోట పట్టుకొని చీకడం మొదలుపెట్టింది. రోడ్డు మీద గిద్దలూరు పోయే ఆటో హారను కొడుతోంది. నేను "మామా, ఆటో" అన్నాను. ఆయన వినిపించనట్టే ఉన్నాడు. వణికే ఆ చేతిని కదలకుండా పట్టుకోవాలని రెండో చేత్తో మణికట్టు అదిమిపెట్టి, పిల్ల తనంతట తాను వదిలేదాకా అట్లే కూర్చున్నాడు.