నల్లరంగు వేసిన తలుపు

ఇంగ్లండులో, లింకన్‌షైర్‌ ప్రాంతంలోని ఆ రాతి ఇళ్ల ఊరికి సీరియల్ వాళ్లు రావడం కొత్తేమీ కాదు. గుర్రబ్బగ్గీల కాలం నాటి నవల ఏది తీసినా బార్కర్స్ హిల్ వీధికే వస్తారు. తారురోడ్డు మీద మట్టి పరిచి, నంబరు పలకలు పీకేసి, రెండు రోజుల్లో వీధిని నూట యాభై ఏళ్లు వెనక్కి తోసేస్తారు.

ఆ వీధిలో పదకొండో నంబరు ఇంటి డోరీన్‌కి ఆ సీరియళ్లంటే ప్రాణం. స్కూలు వంటశాలలో ముప్ఫై ఏళ్లు గరిటె తిప్పిన మనిషి, ఆదివారం సాయంత్రం టీవీ ముందు కూర్చుంటే మాత్రం పెద్ద జడ్జి. "దగ్గు మొదలైందిగా, మూడో వారానికి పోతుంది ఆ పిల్ల" అని తీర్పు చెప్పేసేది.

"ముందే చెప్పి చంపకే తల్లీ!" అని పక్కనే భర్త విల్ఫ్ విసుక్కునేవాడు.

ఇప్పుడు విల్ఫ్ విసుక్కోవడం లేదు. ముప్ఫై ఐదేళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన ఆ పోస్టుమాన్‌కి పేర్లు నిలవడం లేదు. తలుపులు మాత్రం గుర్తే. రోజూ పదింటికి వెళ్లి పేపరు కొనుక్కుని, తమ ఇంటి ఎర్ర తలుపు చూసుకుని ఇంటికొచ్చేస్తాడు. ఫిబ్రవరిలో ఒకసారి దారి తప్పి బస్టాండులో తేలితే పోలీసులు తెచ్చి దించారు.

"అమ్మా, ఇంకొక్కసారి ఇలా జరిగితే నాన్నని వృద్ధుల హోమ్‌లో చేర్పించేద్దాం. ఇక నీ మాట వినను" అని కూతురు జానిస్ తెగేసి చెప్పింది. అప్పటి నుంచి ఆయన తిరిగొచ్చేదాకా డోరీన్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటోంది.

అంత జాగ్రత్త గల మనిషి, "తలుపుకి నల్లరంగు వేసుకోవచ్చా అమ్మా? షూటింగ్ అవగానే మళ్లీ ఎరుపు వేసిస్తాం" అని సీరియల్ వాళ్లడిగితే ఠక్కున సంతకం పెట్టేసింది! తన తలుపు టీవీలో వస్తుందన్న సంబరం మరి.

బుధవారం పదింటికి వెళ్లిన విల్ఫ్ పదిన్నరైనా రాలేదు. బయటికొచ్చి చూసింది. వెనక్కి తిరిగి తన తలుపు వైపూ చూసింది. అప్పుడు తట్టింది. దేవుడా, ఎంత పని చేశాను! స్లిప్పర్లతోనే పరుగెత్తింది.

వీధి మలుపులో వాకీటాకీ పట్టుకున్న అమ్మాయి అడ్డుపడింది. "ఆగండమ్మా, షాట్ నడుస్తోంది!"

"మా ఆయన కనిపించట్లేదు తల్లీ!"

"ఎలా ఉంటారు?"

"ముసలాయన. నల్లకోటు, టోపీ."

ఆ అమ్మాయి బిక్కమొహం వేసి వీధిలోకి చూసింది. అక్కడ నలభై మంది ముసలాళ్లు. అందరివీ నల్లకోట్లే, అందరికీ టోపీలే. డోరీన్ ఒక్కొక్కరి మొహంలోకి తొంగిచూస్తూ గుర్రాల మధ్య నుంచి పోయింది. వెనక నుంచి ఎవరో "కట్! ఎవరావిడ?" అని అరిచారు. అరుచుకోనీ. జానిస్‌కి తెలియకూడదు, అంతే.

కూరగాయల బండి దగ్గర కనిపించాడు విల్ఫ్. జూనియర్ ఆర్టిస్టు అనుకుని ఎవరో చేతికి బుట్ట కూడా తగిలించారు.

"ఎక్కడికి పోయావయ్యా! నా గుండె ఆగిపోయింది!"

విల్ఫ్ టోపీ తీసి మర్యాదగా తల వంచాడు. "పదకొండో నంబరు ఎటండీ? అన్ని తలుపులూ చూశాను. ఎర్రది ఎక్కడా లేదు. మా డోరీన్ కంగారు పడుతుంటుంది."

"నేనేగా డోరీన్‌ని!"

ఆయన జాలిగా చూశాడు. "మీరు కాదు లెండి."

ఫిబ్రవరిలో దారే తప్పాడు. పోలీసులు తెచ్చి దించినప్పుడు ఈమెని చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. డోరీన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. ఈ సంగతి దాచేయవచ్చు. దొరికాడు, దెబ్బ తగల్లేదు, ఎవరూ జానిస్‌కి చెప్పరు. కానీ రేపు పొద్దున ఈయన తన ఇంట్లోనే పరాయి ఆడమనిషి పక్కన నిద్రలేస్తే?

"పదండి, నేనూ వెతుకుతాను" అని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన కాదనకుండా వెంట నడిచాడు. రెండో చేత్తో ఆమె ఫోన్ తీసింది.

"జానిస్, నాన్న నా దగ్గరే ఉన్నాడు, బాగానే ఉన్నాడు. నువ్వొకసారి రా అమ్మా. నా వల్ల కావట్లేదు."