లగ్గానికి పోతూ తుమ్మిన లారీ

ఆ రోజుల్లో మా నిజామాబాద్‌లో లారీ డ్రైవరంటే సగం దేవుడు. కొత్తగా లైసెన్సు చేతికొచ్చినవాడైతే మిగతా సగం కూడా తానేననుకునేవాడు. నేను ఆ రెండో రకం. మా మేనమామ లారీలో బోధన్‌కు చెరుకు తోలేవాణ్ణి. ఆ మాఘంలో మా పెద్దబాపు కొడుక్కి (ఇస్త్రీ నలగకుండా బతికే మనిషి గనుక నవాబన్న అనేవాళ్లం) బోధన్ అవతలి పల్లెలో లగ్గం కుదిరింది. పెండ్లివారిని తీసుకుపోయే గౌరవం నాకు దక్కింది. ఎంత కడిగినా లారీలో చెరుకు రసం జిగట వదల్లేదు. పట్టుచీరలతో పాటు తేనెటీగలూ బయల్దేరాయి.

బండికి ఒకటే రోగం. ఆగి కదిలినప్పుడల్లా అడుగున ‘ఠంగ్’ మనేది. చెరుకు గడలు దాన్ని ఏనాడూ పట్టించుకోలేదు. మా అవ్వ పట్టించుకుంది.

“ఆపురా! బండి తుమ్మింది. దిగుండ్రి అందరు. నీళ్లు తాగి, జర్రసేపు కూసోని ఎక్కుండ్రి.”

దిగాం, తాగాం, కూర్చున్నాం, ఎక్కాం. క్లచ్చి వదిలాను. ఠంగ్! మళ్లీ దిగాం.

“అవ్వా, లారీ యాడనన్న తుమ్ముతదా?” అన్నాడు నవాబన్న బాసింగం సర్దుకుంటూ, ఏడుపు గొంతుతో.

“ముక్కున్నోళ్లే తుమ్మాల్నా? పోవద్దని జెప్తుంది. నీ మంచికే.”

అవ్వ మాట కాదనే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు. ఎడపల్లి కూడా చేరకముందే ఎండ నెత్తికెక్కుతోంది, లగ్గమేమో మిట్టమధ్యాహ్నానికి. “ఇంకొక్కసారి తుమ్మిందంటె ఇంటికి మర్లుడే” అని అవ్వ తేల్చేసింది. నవాబన్న నావైపు చూసిన చూపుకు శత్రువైనా కరిగిపోవాలి.

కొత్త చొక్కాతోనే, గ్రీజు గన్ను పట్టుకుని లారీ కిందికి దూరాను. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు మోసుకుపోయే పొడుగాటి షాఫ్టు నా ముఖం మీదే ఉంది. గుంతల్లో చక్రాలు ఎగిరిపడితే అది సాగాలి, ముడుచుకోవాలి. అందుకని ఒకచోట ఒకదాంట్లో ఇంకొకటి జారేట్టు జాయింటు పెట్టారు. అది ఎండిపోయి బిగుసుకుంది. గన్ను నొక్కాను. ముందు నల్లటి పాత మడ్డి, వెనకాలే తేనె రంగు కొత్త గ్రీజు ఉబికి వచ్చాయి. బండిని నేనే నడుపుతున్నానని ఇన్నాళ్లూ మీసం తిప్పానే, మోస్తున్నది ఇదా అని నోరు తెరుచుకుని చూస్తుండగా, పక్కన పట్టుచీర గరగరలాడింది. తిరిగి చూస్తే అవ్వ! వెల్లకిలా పడుకుని నా పక్కకు జరుగుతోంది.

“గిదేనా దాని ముక్కు?”

“ముక్కు గాదవ్వా, నడుము. గుంతలొస్తె సాగుతది, మళ్ల ముడుసుకుంటది.”

అవ్వ దాని మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తియ్యలేదు. “గింత ఇనుము సాగుతదా! ఎవ్వడు జేసిండో గని, వాని కడుపు సల్లగుండ.”

క్లచ్చి వదిలాను. చప్పుడు లేదు. గోదావరి మీద పడవలా బండి కదిలింది. వెనక ఊపిరి బిగబట్టిన జనమంతా ఒక్కసారిగా కేకలేశారు. లగ్గం వేళకు అందుకున్నాం. కానీ తలంబ్రాలు చూసినవాళ్లు తక్కువ. వీపంతా మడ్డి పూసుకున్న అవ్వ, ఒక చేతి పిడికిట్లో ఇంకో చేతి వేళ్లు జార్చి చూపిస్తూ, ఆడపెండ్లివారికి షాఫ్టు సంగతి చెబుతూనే ఉంది. నవాబన్న అలిగాడు.

ఇప్పుడు నేను బండి కింద దూరితే లేపడానికి మనిషి కావాలి. అయినా రోడ్డు పక్క లారీ కింద కాళ్లు కనబడితే ఆగిపోతాను, నడుం పట్టుకుని వంగి చూస్తాను. “ఏం గావాలె తాతా?” అని విసుక్కుంటారు. నవ్వేసి, షాఫ్టు కనబడేదాకా ఇంకాస్త వంగుతాను.