ఈశాన్యంలో బరువు

మా పాపకి సీటు ఇవ్వని స్కూళ్ళు రాజమండ్రిలో చాలా ఉన్నాయి. అందరూ మర్యాదస్తులే. "మీ పాప చాలా ముద్దుగా ఉందండి" అనే మొదలుపెట్టేవారు. ఆ మాట చెవిన పడగానే నేను చెప్పులు వెతుక్కునేదాన్ని.

తొంభైల నడుమ మాట ఇది. పాపకి ఎనిమిదేళ్ళు. మాటలు తక్కువ. పలక మీద అక్షరం రాసి చూపిస్తే అక్షరాన్ని వదిలేసి పలక చట్రాన్ని చూసేది. దిద్దిద్దామని చెయ్యి పట్టుకుంటే చెయ్యి నాకు వదిలేసి తను ఎటో వెళ్ళిపోయేది. మొండి అన్నారు, మందం అన్నారు, నేనే గారాబం చేసి చెడగొట్టానన్నారు. డాక్టరు గారు ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పారు. మా ఇంట్లో ఆ పేరుని ఎవరూ రెండోసారి పలకలేదు.

ఒక కాన్వెంటులో హెడ్మిస్ట్రెస్ గారు 'ముద్దుగా ఉందండి' దగ్గర్నుంచి 'మిగతా పిల్లలకి ఇబ్బందండి' దాకా వచ్చేసరికి పక్కన పాప లేదు. వెతికితే ప్రార్థన హాల్లో కనిపించింది. అక్కడొక పాత పియానో ఉంది. పాప ఒక మెట్టు నొక్కి, ఆ శబ్దం పూర్తిగా అణిగిపోయేదాకా ఆగి, మళ్ళీ అదే మెట్టు నొక్కుతోంది. చెంప చెక్కకి ఆనించి ఉంది. ఎక్కడా ఒక్క క్షణం నిలవని పిల్ల. ఆయా వచ్చి మూత వేసేసింది.

"హార్మోనియం కొంటే పోలా" అన్నారు మామగారు. కొన్నాం. ఒక చేత్తో తిత్తి ఊపాలి, ఒక చేత్తో వాయించాలి. పాపకి రెండు చేతులూ ఒకే పని చేస్తాయి. పైగా శబ్దం ఆగకుండా సాగుతుంటే చెవులు మూసుకునేది. కరెంటు కీబోర్డు అడిగి తెచ్చాం. దానికి చెంప ఆనించి చూసి, ప్లాస్టిక్ అని తెలిసిందేమో, మళ్ళీ దాని దగ్గరికి వెళ్ళలేదు.

పియానో కావాలని అడిగితే షాపులవాళ్ళు నన్ను ఎగాదిగా చూసేవారు. "ఎవరికండి?" అంటే మా పాపకన్నాను. "వాయిస్తుందా అండి?" అంటే లేదన్నాను. ఆ తరవాత వాళ్ళు మావారి వైపు తిరిగి మాట్లాడేవారు. కాకినాడలో ఒకాయన అయితే పాపని చూసి, "ఎందుకండీ అంత పెద్ద సామాను, ఏదైనా బొమ్మ కొనిపెట్టండి" అని సలహా ఇచ్చాడు. సలహాకి మాత్రం మాకు ఎక్కడా కరువు రాలేదు.

చివరికి సామర్లకోటలో ఒకటి ఉందని, రైల్వేలో పనిచేసే మా అన్నయ్య కబురు పెట్టాడు. స్టేషన్‌కి దగ్గర్లోనే పెంకుటిల్లు. రిటైరైన గార్డు గారి భార్య, ఆంగ్లో ఇండియన్ ఆవిడ. ఆయన పోయాక కూతురి దగ్గరికి బెంగుళూరు వెళ్ళిపోతున్నారు. బేరం మొదలుపెట్టబోతే ఆపారు.

"అది తరవాత అండి. ముందు పాపని కూర్చోనివ్వండి."

పాప కూర్చుని ఒకే మెట్టు నొక్కుతూ ఉండిపోయింది. నాకు సిగ్గేసింది. "దీనికి వాయించడం రాదండి" అన్నాను.

"వింటోంది కదమ్మా" అన్నారావిడ. పియానో అమ్ముతానని అప్పుడు చెప్పారు. గుమ్మం దాకా వచ్చి, "ఒకచోట పెడితే అక్కడే ఉంచండి. మాటిమాటికీ కదపకండి, శ్రుతి పోతుంది" అని మరీ మరీ చెప్పారు. పాపని ముద్దుగా ఉందని అననిది ఆవిడ ఒక్కరే.

తవుడు బస్తాల లారీలో, గడ్డి పరుపు మీద పియానో మా ఇంటికొచ్చింది. హాల్లో కిటికీ పక్క మూల తప్ప ఇంకెక్కడా పట్టలేదు. కిటికీ వైపు చివరి మెట్టు నొక్కితే కడుపులోంచి వచ్చినట్టు బొంగురు శబ్దం. పాపకి అది ప్రాణం. రోజూ పొద్దున్నే కిటికీని ఒకసారి చూసి, ఆ మెట్టుతోనే మొదలుపెట్టేది.

ఒకరోజు పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. పాప ఆ మెట్టు నొక్కింది. ఊరికే "అ" అన్నాను. చెయ్యి ఆపి నా నోరు చూసింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అన్నాను. చేట పక్కన పెట్టేశాను. ఆ వారం పోయాక, మెట్టు నొక్కి తనే "అ" అంది. నాకు ఏడుపు ఆగలేదు. పక్క మెట్టుకి "ఆ" అంది. ఆ పక్కదానికి "ఇ". ఏ మెట్టు అక్షరం ఆ మెట్టుదే. పియానో దగ్గర కాకుండా వంటింట్లో అడిగితే ఒక్కటీ చెప్పేది కాదు. సరే, అలాగే రానీ అనుకున్నాను. మా వీధి చివర కొత్తగా బడి పెట్టిన టీచరమ్మ వచ్చి విని, "అచ్చులు పూర్తిగా చెప్పిందంటే జూన్‌లో తీసుకొచ్చెయ్యండి, నేను చూసుకుంటాను" అంది. మాకు సంక్రాంతికి 'ఋ' దాకా వచ్చింది.

ఆ రోజుల్లో వాస్తు పిచ్చి ఊరంతా పట్టింది. మా వీధిలో వంటిళ్ళు పడకగదులయ్యాయి, వీధి గుమ్మాలు గోడలయ్యాయి. మామగారికి మేడ వెయ్యాలనిపించి సిద్ధాంతి గారిని పిలిచారు. ఆయన మేడ సంగతి వదిలేసి పియానో ముందు ఆగిపోయారు.

"ఈశాన్యంలో ఇంత బరువా? ఇంకేమండీ, అందుకే పాపకి చదువు అంటడం లేదు."

"పాపకి ఎనిమిదేళ్ళండి. ఇది వచ్చి ఏడాది కూడా కాలేదు" అన్నాను.

"రాబోయేదాన్ని ముందే చూపిస్తుందమ్మా వాస్తు" అన్నారాయన, ఏమాత్రం తడుముకోకుండా.

మావారి వైపు చూశాను. ఆయన గడియారం వైపు చూశారు. అది కదిపితే పాప చదువు ఆగిపోతుందని మామగారికి చెప్పాను, అత్తగారికి చెప్పాను. "చదువా? వాయించుకోవడాన్ని చదువంటారేంటమ్మా" అన్నారు మామగారు. అప్పటికి ఆ మాట అక్కడితో ఆగిపోయింది. నెగ్గాననుకున్నాను.

తరవాత కొన్నాళ్ళకి అత్తగారు పాప తల నిమురుతూ, "దీనికి చదువు రావాలని మొక్కుకున్నానమ్మా. మీ ముగ్గురూ అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకు రండి" అన్నారు. ఆ ప్రేమకి నా కళ్ళు చెమర్చాయి కూడా. వెళ్ళాం. పాప కొండ మీద ఎవరినీ విసిగించకుండా కూర్చుంది. ప్రసాదం ఆకు పొట్లాలు చేతుల్లో పట్టుకుని మర్నాడు ఇల్లు చేరాం.

పాప చెప్పులతోనే హాల్లోకి పరిగెత్తింది. మూల ఖాళీగా ఉంది. పియానో ఆనుకుని ఉన్నంత మేర గోడకి సున్నం తెల్లగా ఉంది. పియానోని నైరుతిలో మామగారి గదిలోకి చేర్చేశారు. దాని మీద ఆయన రేడియో, మందుల సీసాలు. పాప కూర్చుని వాయించే బెంచీని మాత్రం తేలికేనని మూలలోనే ఉండనిచ్చారు.

పాపని చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి తీసుకెళ్ళాను. కిటికీ ఉండవలసిన వైపు బీరువా ఉంది. చివరి మెట్టు నొక్కింది. గుమ్మానికి ఎక్కడ కొట్టుకుందో, కడుపులోంచి రావలసిన శబ్దానికి బదులు లోపల చెక్క టక్కుమంది. పాప నా నోటి వైపు చూసింది. "అ" అన్నాను. తను అనలేదు. చెయ్యి విడిపించుకుని హాల్లోకి వెళ్ళిపోయింది.

ఆవేళే కాదు, తరవాత కూడా అంతే. పొద్దున్న లేస్తే ఆ బెంచీ మీద గోడకి ఎదురుగా కూర్చునేది. పిలిస్తే లేచేది కాదు. జూన్ వచ్చింది, టీచరమ్మ అడగడానికి వచ్చి, గోడకి ఎదురుగా కూర్చున్న పాపని చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

ఒక మధ్యాహ్నం పక్కింటావిడ వస్తే అత్తగారు పాపని చూపించి మురిసిపోయారు.

"సిద్ధాంతి గారి మాటంటే మాటేనమ్మా. మూల ఖాళీ చేశాక చూడు, పిల్ల ఎంత కుదురుగా కూర్చుంటోందో."

పక్కింటావిడ సిద్ధాంతి గారి ఇల్లెక్కడో అడిగి తెలుసుకుంటోంది. పాప కిటికీని ఒకసారి చూసింది. చెయ్యెత్తి, గాలిలో ఒక చోట వేలితో నొక్కి, శబ్దం కోసం ఆగింది. రాలేదు. మళ్ళీ అక్కడే నొక్కింది.