ముద్ర లేని పుర్రె ఉంగరం

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది శ్రీకాకుళంలో ఒక కాలేజీ వాళ్ళు పాత వస్తువుల ప్రదర్శన పెడుతూ, మా ఇంట్లో మిగిలిన, పుర్రె బొమ్మ ఉన్న వెండి ఉంగరం అడిగారు. ఇస్తానన్నాను. మా ముత్తాత ఒక జమీందారు దగ్గర దివాను. కళింగపట్నం రేవులో జబ్బుపడ్డ ఒక తెల్లదొరను ఇంటికి తెచ్చి బతికిస్తే, ఆ దొర తన వేలి ఉంగరం తీసి ఇచ్చాడని మా ఇంటి మాట. భూములు పోయాయి, మేడ పోయింది. ఆ మాట ఒక్కటే మిగిలింది.

చరిత్ర చెప్పే లెక్చరరు మర్యాదస్తుడే. ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పి, "చేసినవాళ్ళ ముద్ర ఏదీ లేదు కదండీ. ఏ దేశానిదో, ఏ కాలానిదో తెలిస్తే మీ ముత్తాతగారి సంగతి ఉంగరం పక్కన పెట్టే చీటీ మీద రాస్తాం. లేకపోతే కుటుంబ కథనం అని రాయాలి," అన్నాడు.

కథనమట. "తెలుసుకునే వస్తాను," అన్నాను.

విజయనగరంలో పాత వెండి బాగా ఎరిగిన ఒక ఆచారిగారు ఉన్నారని విని పాసింజరు ఎక్కాను. కాస్త జరగండని ఎవరినీ అడగడం నాకు చేతకాదు. నెల్లిమర్ల వచ్చేసరికి నిలబడీ నిలబడీ నడుం పట్టేసింది.

ఆచారిగారు కంటికి అద్దం తగిలించుకుని చాలాసేపు చూశారు. "మనోళ్ళ పని కాదు బాబూ. పోత పోసి, ఆపైన పళ్ళు ఒక్కొక్కటీ ఉలితో సెక్కినారు. వందేళ్ళు దాటే ఉంటాది."

"ఇంగ్లండుదేనా?"

"అది ముద్ర సెప్పాల."

"ముద్ర వెయ్యలేదండీ."

"ఎందుకెయ్యలేదు? ఇదిగో, లోపల సూడండి." అద్దం నా చేతికిచ్చారు. ఉంగరం లోపలివైపు, గోటి కొనంత చోట, నీడలాంటిది ఉంది. అక్షరమో బొమ్మో తెలియలేదు. "ఉండేది. తోమీసినారు. ఏటి పెట్టి తోముతారు?"

చెప్పాను. దసరా ఆయుధపూజలో ఆ ఉంగరం పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. ఇంట్లో పాత కత్తి ఉన్నన్నాళ్ళూ దాని పక్కన, తర్వాత అదొక్కటే. పుర్రె కదా, మైల. చింతపండు, ఇటుకపొడి పెట్టి లోపలా బయటా తోమితే గాని పూజలోకి రానివ్వరు. నాయనమ్మ తోమింది, అమ్మ తోమింది. అమ్మ పోయాక ముప్ఫై ఏళ్ళుగా నేనే తోముతున్నాను. ఆ పని ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు.

"ఇటుకపొడా! ఎండి ఉంగరం బాబూ అది, అన్నం తపేలా కాదు," అని ఆయన పకపకా నవ్వారు. నా మొహం చూసి ఆపేశారు. "ఒకటి సెప్తాను. ఎనకాల కట్టు కోసి ముక్క అతికినారు. ఆ అతుకు మాత్రం మనోళ్ళ పనే. ఎవరో లావు వేలాయన తొడిగినాడు."

మా ముత్తాత వేళ్ళు లావో సన్నమో చెప్పేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

మర్నాడు కాలేజీకి వెళ్ళాను. కుర్చీ వేశారు. ఒళ్ళంతా నొప్పులే, అయినా కూర్చోలేదు. లెక్చరరు అంతా విని, "పోనీ, కుటుంబ కథనం అనే వేద్దామండీ. అందులో తప్పేముంది?" అన్నాడు. గొంతులో జాలి వినిపించింది. ఇంకొకరు జాలిపడి వేసే మాట మా ముత్తాతకు అక్కర్లేదు. చీటీ అడిగి తీసుకుని నేనే రాశాను.

"వెండి ఉంగరం. పైదేశం పని. వందేళ్ళు పైబడినది. ఏ దేశానిదో తెలియదు. లోపల ఉన్న ముద్రను ఇంటివారే తోమి చెరిపేశారు."

"ఆ చివరి ముక్క ఎందుకండీ? మీకే చిన్నతనం కదా."

"దానికి రుజువు ఉంది. ఉండనివ్వండి."

దొర మాట రాయలేదు. ముత్తాత పేరు కూడా రాయలేదు. కింద, సొంతదారు అన్నచోట, నా పేరు మాత్రం ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాను.